రాబోయే ఫోన్ ధర మీద జనం అనే మాటల్లో ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగిన దాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయండి. ఒకటి, ఇంకా రిలీజ్ కాని ఫోన్ ధర లీకయ్యింది, పోయినసారి కంటే ఎక్కువంట, కెమెరా పాతదే పెడుతున్నారంట, బ్యాటరీ మాత్రం పెంచారంట, అది చూసి అందరూ "ఈ రేటుకి ఎవడు కొంటాడు" అంటున్నారు, ఆ మాట నమ్మొచ్చా అని. రెండోది, మీ మూడేళ్ల ఫోన్ ఛార్జింగ్ సాయంత్రం దాకా కూడా రావట్లేదు, కొత్తది వచ్చేదాకా ఆగాలా లేక ఇప్పుడున్న మోడల్ తీస్కోవాలా అని. నేను చాలా ఏళ్లుగా ఫోన్ల మీద కన్స్యూమర్ సర్వేలు తయారుచేసే పనిలో ఉన్నా, అంటే ఫోన్ బయటికి రాకముందే జనాన్ని కూర్చోబెట్టి ఏ ఫీచర్ కావాలి, దానికి ఎంత పెడతారు అన్నది రాబట్టే పని, కాబట్టి మొదటి ప్రశ్న గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఓపిగ్గా చదవండి.

అసలు విషయం ముందే చెప్పేస్తా. చేతికి రాని ఫోన్ గురించి జనం ధర మీద అనే మాటకీ, తర్వాత వాళ్లు చేసే పనికీ పొంతన చాలా తక్కువ. కానీ అదే జనం ఇప్పుడు వాడుతున్న ఫోన్ గురించి చెప్పే కంప్లయింట్ మాత్రం బంగారం. ఊహించి చెప్పేది వేరు, వాడి చెప్పేది వేరు, మీరు చదివేవాటిల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి, వాటిని విడదీస్కుంటే సగం గందరగోళం పోతుంది.

ఐఫోన్ మినీ సంగతి తీస్కోండి. ఫోన్లు మరీ పెద్దవైపోయాయి, ఒక చేత్తో పట్టుకునే చిన్న ఫోన్ ఇవ్వండి చాలు అని ఎన్నేళ్లు మొత్తుకున్నారో జనం. 2020లో 12 మినీ వచ్చింది, 5.4 అంగుళాల స్క్రీన్, పెద్ద మోడల్‌లో ఉన్న చిప్పే, కెమెరాలే, ధర కూడా దానికంటే తక్కువే. 2021లో బ్యాటరీ మెరుగుపరిచి 13 మినీ ఇచ్చారు. 2022లో ఐఫోన్ 14 సిరీస్ వచ్చేసరికి మినీ లేదు, దాని ప్లేస్‌లో 6.7 అంగుళాల ప్లస్ వచ్చి కూర్చుంది. చిన్న ఫోన్ అడిగినవాళ్లు అబద్ధం ఆడలేదు, వాళ్లకి నిజంగానే కావాలి, కాకపోతే షాపులో రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇంకొంచెం పెడితే పెద్ద స్క్రీన్, పెద్ద బ్యాటరీ వస్తుంది కదా అని చెయ్యి అటు వెళ్లిపోతుంది. చిన్నది కావాలి అన్నప్పుడు దాంతోపాటు వచ్చే చిన్న బ్యాటరీ ఎవరి లెక్కలోనూ ఉండదు.

దీనికి పూర్తిగా రివర్స్ కేసు గెలాక్సీ నోట్. 2011లో 5.3 అంగుళాల ఫోన్ అంటే నవ్వారు, చెవి దగ్గర పెట్టుకుంటే మొహం కనపడదన్నారు, పైగా దానికో పెన్ను, ఆ టైంలో ఐఫోన్ స్క్రీన్ 3.5 అంగుళాలే. ఏడాది తిరక్కుండానే, 2012 ఆగస్టులో, కోటి నోట్ ఫోన్లు అమ్మామని శాంసంగ్ ప్రకటించింది. 2014కి యాపిల్ కూడా 5.5 అంగుళాల 6 ప్లస్ తెచ్చింది. నవ్వినవాళ్లలో చాలామంది ఇవాళ అంతకంటే పెద్ద ఫోన్లే వాడుతుంటారు. కొత్త రకం వస్తువుని చూడకుండా జడ్జ్ చేయడం మనిషికి కష్టం, ఎందుకంటే అలవాటైనదాంతోనే పోల్చుకుంటాడు.

ధర విషయం కూడా అంతే. 2017లో ఐఫోన్ ఎక్స్ 999 డాలర్లు అన్నప్పుడు ఫోన్‌కి వెయ్యి డాలర్లా, ఇక వీళ్ల పని అయిపోయింది అనే మాటే ఎక్కడ చూసినా. 2018 జనవరి నుంచి మార్చి వరకు ప్రతి వారం మిగతా ఐఫోన్లన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది అదేనని అప్పుడు యాపిల్ సీఈవోగా ఉన్న టిమ్ కుక్ చెప్పారు. అలా అని జనం ఎప్పుడూ తప్పే అనుకోవద్దు. 2014లో అమెజాన్ ఫైర్ ఫోన్ వచ్చింది, ముందువైపు మూలల్లో నాలుగు కెమెరాలు పెట్టి, మన తల కదలికని బట్టి స్క్రీన్ త్రీడీలా కదిలే ఫీచర్ పెట్టారు. ఒకే నెట్‌వర్క్‌కి రెండేళ్లు కట్టుబడి ఉంటామనే కాంట్రాక్ట్ లేకుండా 649 డాలర్లు, ఆ కాంట్రాక్ట్‌తో 199. జనం మొదటి రోజు నుంచీ ఒకటే అడిగారు, ఈ కదిలే స్క్రీన్‌తో నేనేం చేస్కోవాలి, నాకు కావాల్సిన యాప్స్ ఏవి అని. గూగుల్ ప్లే లేదు దాంట్లో. రెండు నెలలు కాకముందే కాంట్రాక్ట్ ధర 99 సెంట్లకి దించేశారు, అయినా కదల్లేదు, చివరికి ఎక్కువగా ఆ ఫోన్ స్టాక్ వల్లే 17 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకున్నారు.

ఈ రెండు కేసులకీ తేడా గమనించండి, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. ఐఫోన్ ఎక్స్ మీద వచ్చిన మాట "ధర ఎక్కువ", ఫైర్ ఫోన్ మీద వచ్చిన మాట "నాకెందుకు". ధర ఎక్కువ అన్నవాళ్లకి వస్తువు మీద ఆశ ఉంది, అందుకే రేటు చూసి బాధపడుతున్నారు, వాళ్లే తర్వాత కిస్తీల్లోనో, పాత ఫోన్ ఎక్స్చేంజ్‌లోనో కొనేస్తారు. నాకెందుకు అన్నవాడికి రేటు ఎంత తగ్గించినా ఉపయోగం లేదు. మీరు చూస్తున్న ఫోన్ గురించి కూడా ఈ రెండు మాటల్లో ఏది ఎక్కువ వినిపిస్తోందో చూడండి. మీరు రాసినదాన్ని బట్టి అందరూ రేటు గురించే తిడుతున్నారు, బ్యాటరీ పెద్దది ఎందుకు అని ఎవరూ అనట్లేదు, అంటే అది అమ్ముడవుతుందనే నా అంచనా, కంపెనీ తొందరపడి రేటు దించదు కూడా.

మా పనిలో నేరుగా "ఎంత పెడతారు" అని అడగం, ఎందుకంటే నోటితో చెప్పే అంకెకి జేబులోంచి ఒక్క పైసా కదలదు, పైగా తక్కువ చెప్తే ధర తగ్గిస్తారేమో అని ప్రతివాడూ తక్కువే చెప్తాడు. 1976లో వాన్ వెస్టెన్‌డార్ప్ అనే డచ్ ఎకానమిస్ట్ ఒక పద్ధతి పెట్టారు, దాంట్లో నాలుగు ప్రశ్నలుంటాయి: ఏ ధరకి ఇది క్వాలిటీ మీద అనుమానం వచ్చేంత చీప్ అనిపిస్తుంది, ఏ ధరకి మంచి బేరం అనిపిస్తుంది, ఏ ధరకి ఖరీదే గానీ ఆలోచించొచ్చు అనిపిస్తుంది, ఏ ధర దాటితే ఇక చూడనే చూడరు. చిత్రం ఏంటంటే మొదటి ప్రశ్నకి కూడా జనం గట్టిగా ఒక అంకె చెప్తారు, మరీ తక్కువైతే వాళ్లకి నమ్మకం పోతుంది. దానికంటే నికార్సైన పద్ధతి కాంజాయింట్, అంటే రెండు మూడు ఊహా ఫోన్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో బ్యాటరీ ఎక్కువ ధర ఎక్కువ, ఇంకోదాంట్లో కెమెరా మంచిది స్టోరేజ్ తక్కువ, ఇలా మార్చి మార్చి చూపించి ఏది కొంటారు అని మాత్రమే అడగడం. విడిగా అడిగితే బ్యాటరీ ముఖ్యమే, కెమెరా ముఖ్యమే, వాటర్‌ప్రూఫ్ ముఖ్యమే, అన్నీ ముఖ్యమే అనేవాళ్లు, ఒకటి వదులుకుంటేనే ఇంకోటి వస్తుంది అన్నప్పుడు మాత్రం నిజం బయటపెడతారు. మీరు ఇంట్లో కూర్చునే ఇది చేస్కోవచ్చు, కాగితం మీద మీకు దొరికే రెండు ఫోన్లు, కొత్తదాని లీకు ధర రాసి, బ్రాండ్ పేర్లు కొట్టేసి, ఏది వదులుకోగలరో చూస్కోండి.

ఇక లీకుల గురించి. డిజైన్, కొలతలు లీకైతే సాధారణంగా నమ్మొచ్చు, ఎందుకంటే కవర్లు చేసేవాళ్లకి ముందే కొలతలు కావాలి. బ్యాటరీ కెపాసిటీ, ఛార్జింగ్ వాట్లు కూడా చాలావరకు నిజమే అవుతాయి, సర్టిఫికేషన్ కోసం ప్రభుత్వ ఏజెన్సీలకి ఇవ్వాల్సిన వివరాలు కాబట్టి. అన్నిటికంటే నమ్మకూడనిది ధర, అది చివరి వారాల్లో కూడా మారుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది, లీకు ధర మన బుర్రలో ఒక మేకు కొట్టేస్తుంది, తర్వాత వచ్చే ఏ ధరనైనా దాంతోనే పోలుస్తాం. 2010 జనవరిలో ఐప్యాడ్ లాంచ్‌లో స్టీవ్ జాబ్స్ చేసింది అదే, బయట 999 డాలర్లు అని అనుకుంటున్నారు అని ఆ అంకెని స్క్రీన్ మీద పెట్టి ఉంచి, తర్వాత దాన్ని పగలగొట్టినట్టు చూపించి 499 అన్నారు. 499 ఎక్కువా తక్కువా అని ఆలోచించే ఛాన్సే ఇవ్వలేదు జనానికి. కాబట్టి లీకు ధర కంటే అసలు ధర కొంచెం తక్కువగా వచ్చిందని మీరు సంబరపడితే ఆ సంబరానికి అర్థం లేదు, ఇప్పుడు మార్కెట్లో ఉన్న ఫోన్లతో పోల్చి చూడాలి.

కంపెనీలు జనం మాట అస్సలు వినవు అనేది కూడా నిజం కాదు, ఎలా చెప్పారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2025 అక్టోబర్‌లో చైనాలో షావోమీ వాళ్ల రెడ్‌మీ కె90 ఫోన్ లాంచ్ అయినప్పుడు ధర ఎక్కువగా ఉందని గొడవైంది, మెమరీ రేట్లు పెరిగాయని షావోమీ ప్రెసిడెంటే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది, 12 జీబీ ర్యామ్, 512 జీబీ స్టోరేజ్ ఉన్న వేరియంట్‌కి మొదటి నెల వరకు 300 యువాన్లు తగ్గించారు. గొడవలో "ఖరీదు" అన్న మాట ఒక్కటే ఉంటే ఎవరూ కదిలేవాళ్లు కాదేమో, చిన్న స్టోరేజ్‌కీ పెద్ద స్టోరేజ్‌కీ మధ్య ఇంత తేడా ఏంటి అని వేలు పెట్టి చూపించారు. 2007లో మొదటి ఐఫోన్ 8 జీబీ మోడల్ని 599 డాలర్లకి అమ్మి రెండు నెలలకే 399 చేసినప్పుడు కూడా ముందు కొన్నవాళ్ల కోపానికి ఒక లెక్క ఉంది, అందుకే వాళ్లకి 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ దక్కింది.

ఫీచర్లలోకి వద్దాం. బ్యాటరీ పెంచారు కెమెరా పెంచలేదు అని తిడుతున్నారు కదా, నా లెక్కలో అది తిట్టాల్సిన విషయం కాదు. గెలాక్సీ అల్ట్రాలో బ్యాటరీ 2020 నుంచి 2025 దాకా 5000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత) దాటలేదు, అదే టైంలో చైనా కంపెనీలు సిలికాన్ కార్బన్ బ్యాటరీలతో 6000, 7000 దాటేశాయి, వన్‌ప్లస్ 15లో 7300. దీని వెనకాల ఉన్న సంగతి తెలుస్కోండి. మామూలు లిథియం బ్యాటరీలో నెగటివ్ వైపు గ్రాఫైట్ ఉంటుంది, ఒక గ్రాము గ్రాఫైట్ దాదాపు 372 ఎంఏహెచ్ పట్టుకుంటుంది, సిలికాన్ అయితే దానికి పది రెట్లకి దగ్గరగా పట్టగలదు. కానీ ఛార్జ్ అయ్యేటప్పుడు సిలికాన్ తన సైజుకి మూడు నాలుగు రెట్లు ఉబ్బుతుంది, అలా ఉబ్బి తగ్గి ఉబ్బి తగ్గి పగుళ్లు వస్తాయి, అందుకే కొంచెం సిలికాన్‌ని కార్బన్‌లో కలిపి వాడతారు. మొదటి రోజు రివ్యూలో ఈ బ్యాటరీ అద్భుతంగానే కనిపిస్తుంది, అసలు ప్రశ్న రెండేళ్ల తర్వాత ఎంత మిగులుతుంది అని. కాబట్టి ఎంఏహెచ్ అంకె ఒక్కటే చూడకుండా, ఎన్ని ఛార్జ్ సైకిళ్ల (పూర్తిగా ఎక్కించి పూర్తిగా వాడేయడం ఒక సైకిల్) తర్వాత బ్యాటరీ సామర్థ్యం 80 శాతం మిగులుతుందని కంపెనీ చెప్తోందో చూడండి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఇది తప్పనిసరిగా చెప్పాలి, కనీసం 800 సైకిళ్లకి 80 శాతం ఉండాలి, ఫోన్‌తో పాటు ఎనర్జీ లేబుల్ కూడా ఇవ్వాలి. ఆ లేబుల్‌లో ఒక్క ఛార్జ్‌కి ఎన్ని గంటలు వస్తుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేర్ ఎంత సులువు అన్నీ ఉంటాయి, ఈప్రెల్ అనే వాళ్ల డేటాబేస్ ఎవరైనా చూడొచ్చు, మీరు ఏ దేశంలో ఉన్నా సరే. కాకపోతే ఒకే పేరుతో వేరే వేరే దేశాల్లో వేరే బ్యాటరీ పెడుతుంటారు, మోడల్ నంబర్ కలిసిందో లేదో చూస్కోండి. ఏ రివ్యూయర్ మాట కంటే కూడా నేను ఈ లేబుల్‌నే ముందు చూస్తా.

కెమెరా పాతదే అంటే సెన్సార్, అంటే లెన్స్ వెనక వెలుతురుని పట్టే చిప్, పాతదే అయ్యుండొచ్చు, అది పెద్ద నష్టం కాదు. 200 మెగాపిక్సెల్ అని రాసిన ఫోన్ కూడా మామూలుగా పదహారు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. సెన్సార్ సైజ్ ఎంత, జూమ్ లెన్స్ ఉందా లేదా అన్నదే ఫొటోలో కనిపించే తేడా. బాగా దగ్గరి వస్తువుల్ని తీయడానికి పెట్టే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని లెక్కలోకే తీస్కోవద్దు, వెనకాల లెన్సులు ఎక్కువ కనపడాలని పెట్టేది.

సన్నగా ఉండే ఫోన్లు చూసి మోజు పడొద్దని మాత్రం చెప్తా. గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ 5.8 మిల్లీమీటర్లు, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో, కానీ బ్యాటరీ 3900, జూమ్ లెన్స్ లేదు. మీ సమస్యే ఛార్జింగ్ కాబట్టి అది మీకు కాదు.

ఏఐ ఫీచర్ల గురించి ఒక్కటే. అవి సాఫ్ట్‌వేర్, చాలావరకు పాత మోడళ్లకీ వస్తాయి, కాకపోతే ఫోన్‌లోనే నడిచేవాటికి ర్యామ్ కావాలి. 2023లో వచ్చిన ఐఫోన్ 15కి మరుసటి ఏడాదే యాపిల్ ఇంటెలిజెన్స్ (యాపిల్ ఏఐ ఫీచర్లు) దక్కలేదు, అదే రోజు లాంచ్ అయిన 15 ప్రోకి దక్కింది, ఒకదాంట్లో 6 జీబీ, ఇంకోదాంట్లో 8. ఎక్కువ ఏళ్లు వాడే ఆలోచన ఉంటే ర్యామ్ దగ్గర పొదుపు చేయొద్దు.

ధర ఎందుకు పెరుగుతోంది అన్నదానికి ఈసారి నిజమైన కారణం ఉంది, అంతా కంపెనీ దురాశ కాదు. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల రేట్లు విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు కొనేస్తుంటే తయారీదారులు లాభం ఎక్కువొచ్చే డేటా సెంటర్ చిప్‌ల వైపు వెళ్లిపోయారు, మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో మామూలు జనానికి మెమరీ అమ్మే క్రూషియల్ బిజినెస్‌నే ఆపేస్తున్నట్టు చెప్పింది. దీని దెబ్బ ఖరీదైన ఫోన్ల కంటే తక్కువ ధర ఫోన్ల మీద ఎక్కువ పడుతుంది, వాటి మొత్తం ఖర్చులో మెమరీ వాటా పెద్దది, లాభం సన్నంగా ఉంటుంది. అప్పుడు కంపెనీ రెండిట్లో ఒకటి చేస్తుంది, రేటు పెంచుతుంది, లేదా రేటు అలాగే ఉంచి ర్యామో స్టోరేజో తగ్గిస్తుంది. జనం మొదటిదాన్ని తిడతారు, రెండోదాన్ని గమనించరు, నన్నడిగితే రెండోదే ఎక్కువ నష్టం. అందుకే "ప్రారంభ ధర" అని వేసిన అంకెని నమ్మొద్దు, 256 జీబీకి ఎంత అని పాతదానికీ కొత్తదానికీ అదే వేరియంట్ పెట్టి పోల్చాలి. 2023లో ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్ ధర 100 డాలర్లు పెరిగింది అన్నారు, నిజానికి 128 జీబీ మోడల్ని తీసేసి 256 నుంచి మొదలుపెట్టారు, 256 ధర ముందూ 1199, తర్వాతా 1199. 256 కొనేవాడికి ఏమీ పెరగలేదు, 128 చాలు అనుకునేవాడికి మాత్రం నిజంగానే పెరిగింది, అంటే ఒకే ధర గురించి ఇద్దరి అభిప్రాయమూ కరెక్టే.

ఇప్పుడు మీ సంగతి. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ ఫోన్ బ్యాటరీ హెల్త్ ఎంతుందో చూడండి. 80 శాతం కంటే తక్కువ ఉండి, ఫోన్ మిగతా అన్నిట్లో బానే ఉండి, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాదైనా వచ్చేలా ఉంటే, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించుకోండి, కొత్త ఫోన్‌తో పోలిస్తే చాలా చిన్న ఖర్చు, తొందర కూడా పోతుంది, తొందరలో ఉన్నవాడే లాంచ్ ధర కడతాడు. అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే మాత్రం ఆ ఫోన్ మీద డబ్బు పెట్టొద్దు. పిక్సెల్ 8 నుంచి గూగుల్, ఎస్24 నుంచి శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి కాబట్టి, అలాంటి మాట ఇచ్చిన ఫోన్ అయితే ఏడాది పాత మోడల్ తీసుకున్నా మీకు ఆరేళ్లు మిగులుతుంది.

కొత్తది కావాలనే అనుకుంటే లాంచ్ రోజు కాకుండా అమ్మకాలు మొదలై నెలా నెలన్నర అయ్యాక, కొని వాడుతున్నవాళ్లు ఏమంటున్నారో చదవండి. పొగడ్తలు వదిలేయండి, ఒకే కంప్లయింట్ ఒకరికొకరు సంబంధం లేనివాళ్ల నోట రిపీట్ అవుతోందా చూడండి, వీడియో కాల్‌లో వేడెక్కుతోందనో, సిగ్నల్ పోతోందనో, నిద్రలో ఛార్జింగ్ దిగిపోతోందనో. మెమరీ రేట్లు ఇలా ఉన్న టైంలో అంతకంటే ఎక్కువ ఆగితే మాత్రం లాభం లేదు, పాత రేటుకి కొన్న మెమరీతో తయారైన ప్రస్తుత మోడల్ స్టాక్ అయిపోతే తర్వాత అదే ఫోన్ ఎక్కువకి కొనాల్సి రావొచ్చు. ఆ నెలన్నరకి కూడా కొత్తదాని మీద మీకు నమ్మకం కుదరకపోతే ఇప్పుడున్న మోడలే తీస్కోండి, కాకపోతే 256 జీబీ వేరియంట్ తీస్కోండి, 128 వద్దు.